తాజ్ బీ ఉల్లిమళ్లల్ల గంగవాయిలి

మెదకుల నేను గ్రామసేవకుగ చేరిన కొత్తల నన్ను తిట్టనోల్లు లేకుండె. రైతులు తిట్టిన్రు, మా బ్లాకు ఆఫీసరు తిట్టిండు, నేను కిరాయికున్న ఇంటి ముసలమ్మ గూడ సర్కారు జీతం తినుకుంట గీ ఎండల తిరుగుడేందిరా అని తిట్టింది. కాని తాజ్ బీ తిట్టినట్టు ఎవ్వలు తిట్టలే. ఆమె తిట్టుడుకు ఓ తరీఖ ఉండె. మొదలు "బేటా" అంటది, కూసోమంటది, కుండలకెల్లి మంచినీళ్లు ముంచి ఇస్తది. తాగి గిలాస కింద పెట్టినంక సురువు జేస్తది. దూపకున్నోన్ని తిట్టొద్దంట, పాపమంట.

నా పేరు నర్సింగం. మాది చేగుంట. సమితులు కొత్తగొచ్చిన రోజులు అవి, అరవై రెండో సాలు. బ్లాకు గోదాంల సర్కారు ఎరువు సంచులు మీదికెల్లి మీద పేర్చి ఉండె, ముట్టుకునెటోడు లేడు. ఒక్కొక్క గ్రామసేవకు ఒక్క చేన్లనన్న ఆ ఎరువు ఏయించి, పంట తీసి, నలుగురికి చూపియ్యాలె అని మా ఆఫీసరు హుకుం జేసిండు. నేను ముప్పై ఇండ్లు తిరిగిన. ఇరువై తొమ్మిది ఇండ్లల్ల చాయ తాపి పంపిన్రు. ముప్పయ్యో ఇల్లు తాజ్ బీది.

ఆమెకు అప్పటికి యాభై దాటినయి. మొగడు టాంగ నడుపుతుండె, కాలం జేసి చానేండ్లయింది. ఒక్కతే బిడ్డ మన్సూరా, జహీరాబాదుకు ఇచ్చింది. పెద్ద చర్చి దాటినంక రాంచందర్ రెడ్డి పటేలు బాయి కింద అర ఎకరం పాలుకు చేసుకుంట, పన్నెండేండ్ల సంది అండ్ల చలికాలం ఉల్లిగడ్డ పెడ్తుండె. మెదకుల ఎవలింట్ల షాదీ అయినా బిర్యాని దేగిషాలకు ఉల్లిగడ్డ తాజ్ బీ దగ్గరికెల్లే పోవాలె. వంట జేసే బావర్చీలు ఆమె వస్తుంటె లేసి నిలవడుతుండిరి. "నా గడ్డ నూనెల ఏస్తె నీళ్లిడ్వదు సాబ్, ఎర్రగ ఏగుతది, వేరేటోళ్ల గడ్డ ఉడుకుతది," అని నాకు మొదటి రోజే జెప్పింది, నేను అడగకముందే.

ఆ ఏడు ఆమెకు ఓ ఆపద వచ్చి పడ్డది. అంతకుముందు సాలు పంట సరిగ లేదు, ఇరువై ఎనిమిది సంచులే ఎల్లినయి. పటేలు చెడ్డ మనిషి కాదు, కాని ఆ రోజులల్ల ఆయనకు చెరుకు పిచ్చి పట్టింది. "చూడు తాజ్ బీ, ఈ సారి నలభై సంచులు ఎల్లాలె. ఎల్లకపోతె మళ్లు ఇడ్సిపెట్టు, నేను చెరుకు పెట్టుకుంట," అని ముక్క తెంపినట్టు జెప్పిండు.

"ఈ మళ్లు పోతె నేనేడికి పోవాలె బేటా?" అని నన్ను అడిగింది ఆమె. "జహీరాబాదుకు పోయి అల్లునింట్ల కూసోవాలె. పొద్దుగాల లేసి వాళ్లు పెట్టింది తినాలె, పొద్దుమీకి పండుకోవాలె. అల్లుడు బంగారమసొంటోడే. కాని నేను కూసోని తినే మనిషినా? నువ్వే జెప్పు."

నేనేం జెప్తా. సంచిలకెల్లి ఎరువు తీసి అరచేతుల పోసి చూపెట్టిన. తెల్లగ మెరుస్తుండె.

"శక్కరా?" అనుకుంట ఒక్క పలుకు నాలిక మీద ఏసుకున్నది. నేను వద్దు వద్దనే లోపట్నే. "థూ! తౌబా తౌబా! ఇది తిని చెట్టు ఎట్ల బతుకుతదిరా అయ్యా?" అని బాయి దాక ఉరికి నోరు కడుక్కున్నది. ఇగ అయిపాయె, ముప్పయ్యో ఇల్లు గూడ పాయె అనుకున్న. కాని ఆమె కొంగుతోని మూతి తుడ్సుకుంట వచ్చి, "ఇంత ఘాటున్నదంటె ఏదో పని జేస్తది," అన్నది. అట్ల ఒప్పుకున్నది.

ఒప్పుకున్నది గాని నన్ను పూర్తిగ నమ్మలే. మొత్తం ఇరువై నాలుగు మళ్లు. మేకల ఎరువు అన్నిట్ల చల్లింది. పన్నెండు మళ్లల్లనే నా మందు ఏయనిచ్చింది. "సగం నీకు, సగం నా మేకలకు. ఎవలు గెలుస్తరో చూద్దాం," అన్నది. క్రిస్మస్ ముంగట నారు నాటినం. నాటిన వారానికి జహీరాబాదుకెల్లి కబురొచ్చింది, మన్సూరాకు కాన్పు దగ్గర పడ్డదని. తాజ్ బీ మూట కట్టుకున్నది. "బేటా, నెల దినాలు చేను నీ చేతుల పెడ్తున్న. నీళ్లు తప్పొద్దు. కలుపుకు పెంటమ్మ ముఠా వస్తది. జర చూస్కో," అని బస్సెక్కింది.

పెంటమ్మ గురించి జెప్పాలె. మెదక్ చుట్టుముట్టు కలుపు తీసుట్ల ఆమె ముఠాను మించింది లేదు. ఆరుగురు ఆడోళ్లు. అందరికన్న పెద్దది పెంటమ్మ, అందరికన్న చిన్నది జ్ఞానమ్మ, చర్చి దగ్గరి పిల్ల, పనిల పాటలు పాడేది ఆమెనే. వాళ్లు ఖుర్పీలు పట్టుకోని వరుసగ కూసున్నరంటె తుంగ, గరిక గడ్డలతోని సహా లేసొస్తుండె. నేను వాళ్ల పని చూసి మస్తు ఖుష్ అయిన. ఒక్కటి నాకు సమజ్ కాలే. అన్ని పీకుతున్నరు గాని కొన్ని మొక్కల పక్కకెల్లి ఖుర్పీ తిప్పుకోని పోతున్నరు. లావు ఆకుల గంగవాయిలి, తోటకూర, చెంచలి. అడిగితె పెంటమ్మ నవ్వింది.

"అది కలుపు గాదు సార్, కూర. పసికూర పీకొద్దు. పెద్దగయినంక మేము తెంపుకుంటం. కలుపు తీసెటోళ్లకే కూర, మా అవ్వ కాలం సంది గదే రివాజు."

రివాజు అన్నంక నేనెవన్ని మాట్లాడ? నోరు మూసుకున్న. అంతే గాదు, వాళ్లు రోజొక కట్ట నాకు గూడ ఇస్తుండిరి. మా ఇంటి ముసలమ్మ పప్పుల ఏసి వండుతుండె. పుల్లగ, కమ్మగ, ఆహా, అంత మంచి గంగవాయిలి నేను అంతకుముందు తినలే, తర్వాత తినలే. పది దినాలకే మెదక్ బజార్ల ఏ మూల చూసినా గంగవాయిలి కుప్పలే. ఒక్కో కాడ నా వేలంత లావు.

చేనంటరా, దినాం పొద్దుగాల పోయి ఒడ్డు మీద నిలవడి చూస్తుంటి. నీళ్లు పెట్టిన మళ్లల్ల దిగితె నా తోలు చెప్పులు ఖరాబైతయని లోపటికి దిగలే. దిగే అవసరం గూడ కనపడలే. మందు ఏసిన దిక్కు నల్లగ కమ్ముకున్నది పచ్చదనం. మేకల దిక్కు పల్చగ, మట్టి కనపడుకుంట ఉన్నది. నా ఛాతీ ఉబ్బింది. ఆఫీసుకు పోయి, "రాండ్రి సార్, వచ్చి చూడుండ్రి," అని మా ఆఫీసర్ను పిలిచిన.

ఆయన జీపుల వచ్చిండు. వెనుక నలుగురు రైతులు, పటేలు గూడ. ఒడ్డు మీద నిలవడి కండ్లద్దాలు తీసి తుడ్సుకోని మల్ల పెట్టుకున్నడు. "శభాష్ నర్సింగం! ఉల్లి ఇంత దట్టంగా నేనెక్కడా చూడలేదయ్యా," అని నా భుజం తట్టిండు.

"సలాం సాబ్," అని వెనుకకెల్లి గొంతు వినొచ్చింది. తాజ్ బీ. జహీరాబాద్ బస్సు దిగి ఇంటికన్న పోకుంట నెత్తి మీది మూటతోని సీదా చేన్లకొచ్చింది. మనుమడు పుట్టిండని మొఖం వెలిగిపోతుండె. ఆ మొఖంతోనే చేను దిక్కు చూసింది. ఇగ చూడు, వెలుగంత ఒక్కసారే దిగిపోయింది.

"ఉల్లి ఏది సాబ్ అండ్ల?" అన్నది.

మూట దించి, చీర ఎగజెక్కుకోని మడిల దిగింది. రెండు చేతులతోని గంగవాయిలిని అటిటు జరిపి, లోపట దేవులాడి, ఒక్క ఉల్లి మొక్క పీకింది. చీపురు పుల్లంత ఉన్నది. అవతలి దిక్కు పోయి మేకల మడిలకెల్లి ఇంకొకటి పీకింది. బొటనవేలంత గడ్డ కట్టింది. రెండు తెచ్చి ఆఫీసరు చేతుల పెట్టింది. "ఇది మీ సర్కారుది. ఇది నా మేకలది."

ఆఫీసరు వాటిని చూసిండు, నన్ను చూసిండు. జీపెక్కిండు. రైతులు నవ్వుకుంట పోయిన్రు. పటేలు పోతూ పోతూ, "చెరుకు విత్తనం జెప్పి పెట్టుకుంట తాజ్ బీ," అన్నడు.

ఆమె కుండ దగ్గరికి పోయి గిలాసల నీళ్లు ముంచి నా చేతికిచ్చింది. ఎంత మెల్లగ తాగుదామనుకున్నా గిలాస నీళ్లు ఎంతసేపొస్తయి?

"నెల దినాలు ఒడ్డు మీదికెల్లి చూసినవా?" అని సురువు జేసింది. "కింద వంగితె నడుము విరుగుతదా? ఉల్లి ఎట్ల ఉంటది? సన్నగ నిలవడుతది, దానికి నీడ చేసుకునే ఆకు ఉండదు. పక్కన ఏది లేసినా దాన్ని మింగుతది. చదువుకున్నవ్ గద! నీ మందు ఎవలు తిన్నరో తెలుసా? గంగవాయిలి తిన్నది. ఆ గంగవాయిలి ఎవలు తిన్నరు?"

నేను నా తోలు చెప్పుల దిక్కు చూసిన.

"జెప్పు. ఇన్ని దినాలు ఏం కూర తిన్నవ్?"

"గంగవాయిలి పప్పు."

"నా ఉల్లి ఎరువు నువ్వే తిన్నవ్ రా!" అన్నది. అని నెత్తి పట్టుకోని ఒడ్డు మీద కూలవడ్డది. తిట్టుడు ఆపింది. అది నాకు తిట్టుకన్న ఎక్కువ కొట్టింది. ఎంత నవ్వుల మనిషి, నా మూలంగ మళ్లు పోగొట్టుకునేటట్టున్నది. సిగ్గుతోని నాకు ఏడుపొచ్చినంత పనయింది.

పెంటమ్మ ముఠాను రావద్దంటుందేమో, పెద్ద లొల్లి పెడ్తుందేమో అనుకున్న. తెల్లారి వాళ్లొచ్చేటాళ్లకు తాజ్ బీ కారం రొట్టెలు చేసి పెట్టుకోని కూసున్నది. అందర్ని కూసోబెట్టి రొట్టెలు పెట్టింది.

"పెంటమ్మా, పసికూర గూడ పీకాలె. ఇయ్యాల్నే, వేర్లతోని."

పెంటమ్మ రొట్టె పక్కకు పెట్టింది. "బీబమ్మా, గదెట్లయితది? నువ్విచ్చే కూలి మీద మా పిల్లలు సగం కడుపు తింటరు. తక్కిన సగం ఆ కూరనే. కూర లేని చేన్లకు మా ఆడోళ్లు రారు. పన్నెండేండ్లు మేము కూర ఉంచుకున్నం, నీ ఉల్లి కాలేదా? ఈ సారే ఎందుకు కాలేదో ఈ చెప్పుల సార్ను అడుగు."

మాట నిజం. తాజ్ బీ కోపం తెచ్చుకోలే. మళ్ల దిక్కు చూసింది.

"నిజమే. అప్పుడు మేకల ఎరువు. కూర గూడ అర కడుపు తిన్నది, ఉల్లి గూడ అర కడుపు తిన్నది, ఇద్దరు బతికిన్రు. ఇప్పుడు ఈయన దావత్ ఇచ్చిండు. దావత్ల ముందు కూసున్నోడే అంత ఊడ్సుకపోతడు." అని లేసింది. బాయి పక్కన రెండు మళ్లు చూపెట్టింది, మందు ఏసిన దిక్కువే, నీళ్లు మొదలు పారేవి. "ఆ రెండు మళ్లు మీకు. ఉల్లి తీసేస్త. మొత్తం కూరనే పెట్టుకోండ్రి. నీళ్లు నేను పెడ్త, ఎరువు ఈయన ఏస్తడు. తక్కిన ఇరువై రెండు మళ్లల్ల నాకు ఉల్లి తప్ప ఒక్క ఆకు కనపడొద్దు. సరేనా?"

నేను తాజ్ బీ పక్కకు జరిగిన. "అమ్మా, నలభై సంచులు కావాలె. రెండు మళ్లు ఇచ్చుకుంటె ఎట్ల?" అని చెవుల జెప్పిన. "నక్కో బోల్, నువ్వు మాట్లాడకు," అన్నది.

పెంటమ్మ మిగిలిన ఐదుగురి మొఖాలు చూసింది. జ్ఞానమ్మ అప్పటికే కొంగు నడుముకు చెక్కుకున్నది. రెండు దినాలల్ల ఇరువై రెండు మళ్లు అద్దమోలె అయినయి. పీకిన పసికూరల మంచి మొక్కలు ఏరి బాయి పక్క మళ్లల్ల నాటుకున్నరు. నేను గూడ చెప్పులిడ్సి దిగిన. గంటకే నడుము పట్టుకున్నది. జ్ఞానమ్మ నా వరుస మల్ల మొదట్నుంచి పీకుకుంట వచ్చింది.

కలుపు పోయినంక తాజ్ బీ నా రెండో దఫా మందు ఏయనిచ్చింది. పదిహేను దినాలల్ల చూడాలె ఆ చేను! చీపురు పుల్లలు లేసి నిలవడ్డయి, ఆకులు గొట్టాలోలె లావయినయి, మేకల దిక్కును దాటిపోయినయి. ప్రతి పదిహేను దినాలకు ముఠా వచ్చి ఖుర్పీ ఆడిస్తుండె. నాకు ఆశ పుట్టింది. శివరాత్రి ఏడుపాయల జాతరకు ఇంక పది దినాలున్నదనంగ మూడో సంచి నెత్తిన పెట్టుకోని పోయిన, ఇంకింత ఏస్తె ఇంకింత గడ్డ కడ్తదని.

తాజ్ బీ అడ్డం నిలవడ్డది. ఒక మొక్క మెడను రెండు వేళ్లతోని పట్టి చూపెట్టింది. "ఇప్పుడు ఏస్తె ఇగో, ఈ మెడ లావయితది. ఆకు పెరుగుతది, గడ్డ ఆగుతది. లావు మెడ గడ్డ ఇంట్ల ఏలాడదీస్తె నెలకు కుళ్లుతది. పన్నెండేండ్లు కుళ్లిన గడ్డలు ఏరి పారేసిన, నాకెరుకలేదా? తినేటోడు చాలన్నంక పెట్టొద్దు." ఆ మాట నా ట్రైనింగ్ పుస్తకంల గూడ ఉన్నదంట. నేను ఆ పేజీ దాక పోలే. సంచి మల్ల నెత్తికెత్తుకోని వాపస్ పోయిన.

జాతర అయిపోయినంక ఆకులు వాలినయి. గడ్డలు పీకి, ఆరబెట్టి, పెంటమ్మ ముఠాతోని కలిసి ఆకు కోస్తున్న దినం పటేలు వచ్చి బాయి గడ్డ మీద కూసున్నడు. ఒక్కో సంచి నింపి కుట్టి పేరుస్తుంటె నేనే లెక్క చూసిన. మేకల దిక్కు పన్నెండు మళ్లల్ల పదిహేడు సంచులు. మందు దిక్కు పది మళ్లల్లనే ఇరువై ఏడు. మొత్తం నలభై నాలుగు! నేను ఎగిరి గంతేసిన. గ్రామసేవకు అట్ల గంతులెయ్యొచ్చా అంటె, ఎయ్యొచ్చు, నేను ఏసిన.

పటేలు లేసి సంచుల చుట్టు తిరిగిండు. ఒక గడ్డ తీసి చేతుల ఎగరేసి పట్టుకున్నడు. "నలభై దాటింది తాజ్ బీ. చెరుకు మాట ఇడ్సిపెట్టిన," అన్నడు. తాజ్ బీ నవ్వింది. పటేలు ఇంకా గడ్డనే చూస్తుండె. "కాని ఇంత పండే మళ్లు పాలుకెందుకు ఇయ్యాలె? వచ్చే ఏడు నేనే ఉల్లి పెట్టిస్త. నీకు గుట్ట కింద చెలక ఇస్తలే."

గుట్ట కింద చెలకల నీళ్లు లేవు. ఆ సంగతి అక్కడున్న అందరికెరుక. తాజ్ బీ ఏదన్న అంటదని ఎదురు చూసిన. అనలే. నీళ్లు గూడ ఇయ్యలే. ఆకు కోసే చెయ్యి మాత్రం ఆగకుంట కోస్తనే ఉన్నది. పంట తక్కువైతె మళ్లు పోతయని భయపడ్డం, ఎక్కువై పోయినయి. నా ఎరువును నేనే శపించుకున్న.

అప్పుడు పెంటమ్మ, తలెత్తకుంటనే, "పటేలా, మరి కలుపు ఎవలు తీస్తరు?" అన్నది.

"మీరే. ఇంకెవలు?"

"కూరకు రెండు మళ్లిస్తవా?"

పటేలు పెద్దగ నవ్విండు. "బాయి నీళ్ల మళ్లు గడ్డికి ఎవలన్న ఇస్తరా? కూలి ఓ అణ ఎక్కువిస్త తియ్యి."

"బీబమ్మ ఇచ్చింది. నువ్వియ్యకుంటె మేము రాం," అన్నది పెంటమ్మ. తక్కిన ఐదుగురు కొడవండ్లు కింద పెట్టిన్రు. లొల్లి లేదు, ఏం లేదు, ఉత్తగ కింద పెట్టి కూసున్నరు.

పటేలు నా దిక్కు తిరిగిండు. "ఏం నర్సింగం, కలుపుకు గూడ మందొచ్చిందంట గద పట్నంల?"

"వచ్చిందంటరు పటేలా. ఉల్లి ఉండి కలుపు ఒక్కటే సచ్చే మందు నేనైతె కండ్ల చూడలే," అన్న. అబద్ధమేం కాదు. జర సంతోషంగ జెప్పిన, అంతే.

పటేలు సంచులను చూసిండు, కొడవండ్లను చూసిండు. ఆయనకు లెక్క తెల్వనిదా? ఆ ఆరుగురు లేకుంటె నలభై నాలుగు సంచులు ఎట్లొస్తయో ఆయన గూడ ఒడ్డు మీదికెల్లి చూసిండు గద. తలకాయ గోక్కోని నవ్విండు. "సరె తాజ్ బీ. నువ్వే చేసుకో. నేను రాను నీ మళ్ల జోలికి."

ఆమెకు అప్పుడొచ్చింది గొంతు. "ఎన్నేండ్లు పటేల్ సాబ్? వచ్చే సాలు మల్ల నన్ను గుట్ట కిందికి పంపుతవ్. మాట ఖరారు చెయ్యి, నలుగురు ఉన్నరు."

"వీళ్లు నీకు కలుపు తీసినన్నేండ్లు," అన్నడు పటేలు. "పో. అంతకన్న ఏం జెప్పాలె?"

తాజ్ బీ పెంటమ్మ దిక్కు చూసింది. పెంటమ్మ తల సగం నెరిసింది. పక్కనున్న నలుగురిని ఒక్కొక్కల్ని చూసింది. లేసి చివరికి పోయి, జ్ఞానమ్మ ముంగట కూసోని ఆమె రెండు చేతులు పట్టుకున్నది.

"నీకెన్నేండ్లు బిడ్డా?"

"పందొమ్మిది."

"మంచిగ తిను," అన్నది తాజ్ బీ.